కొత్త కెమెరాకు బొట్టు

మా ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటది. నాకేమో నాలిక మీద ఉంటది. ఇద్దరం ఇన్నేండ్లు ఒకే దుకాణంలో ఎట్ల నెట్టుకొచ్చినామో ఆ చెన్నకేశవుడికే తెలియాల. మార్కాపురంలో ఫోటో వేణు అంటే ఎవురైనా చూపిస్తారు. అసలు పేరు వేణుగోపాల్. మా మామ చెన్నకేశవరావుది పప్పులూ బెల్లం అమ్మే దుకాణం. కొడుకు కూడా గల్లాపెట్టె ముందర కూచుంటాడని ఆయన ఆశ. ఈయనేమో చదువు అయ్యీ కాకముందే పెండ్లిండ్లలో ఫోటోగ్రాఫర్ల వెనకాల లైటు పట్టుకోను పోయినాడంట. "దుకాణమోళ్ల ఇంట పుట్టి లైటు మోసే రాతేందిరా నీకు" అని మామ నెత్తి కొట్టుకున్నాడంట.

ఆ పప్పుల దుకాణమే ఇప్పుడు మా స్టూడియో. ముందు గదిలో నేను ప్రింట్లు కత్తిరించి కవర్లలో పెట్టి ఇస్తుంటా. లోపలి గది ఆయనది. పనిలో మాత్రం వంక పెట్టేదానికి లేదు. పాస్‌పోర్ట్ ఫోటోకు వచ్చినోళ్లను గూడా గడ్డం కొంచెం దించు, భుజం కొంచెం ఇటు తిప్పు అని ప్రాణం తీస్తాడు. స్టూలు కదలకూడదు, కెమెరా స్టాండు కదలకూడదు, ఎవురొచ్చి కూచున్నా తల ఒకే చోట ఉండాల. స్టూలు జరిపి ఊడ్చినందుకు నాతో రెండు పూటలు మాట్లాడని మనిషి ఆయన. నేనూ మాట్లాడలేదులే.

ఇంత పట్టింపు ఉన్న మనిషి సొంత నాయన దగ్గర తప్పిపోయినాడు. మామ ఉన్నట్టుండి పోయినాడు. ఊరందరికీ ఫోటోలు తీసే కొడుకు నాయనకు ఒక్క మంచి ఫోటో తీసి పెట్టుకోలేదు. ఆధార్ కార్డులో బొమ్మనే పెద్దది చేసి, అద్దం కట్టించి, దండ ఏసి గోడకు పెట్టినాం. అందులో మామ ముఖం నీళ్లల్లో చూసినట్టు అలుక్కుపోయి ఉంటది. దండం పెట్టుకోని, "ఈయన ఎవురమ్మా?" అని అడిగినోళ్లు గూడా ఉన్నారు.

అందుకే మా అత్తమ్మ రామతులసమ్మ కొడుకును కోరింది ఒకే ఒక్కటి. "ఒరే వేణూ, నాకట్ల చెయ్యొద్దు నాయనా. నేనుండగానే, నా కండ్లతో చూసుకునేటట్టు ఒక మంచి ఫోటో తియ్యి. మీ నాయన పక్కన గోడ మీద అదే ఉండాల."

"కొత్త కెమెరా వస్తాంది గదమ్మా. దాంట్లో నీ ఫోటో తీసి గోడకు నేనే కొడతా" అన్నాడు ఈయన.

కెమెరా దసరాకు వచ్చింది. పాతదాంట్లో లెన్సు తీస్తే లోపల ఒక అద్దం అడ్డం ఉండేది. దీంట్లో అద్దం లేదు. లెన్సు తీస్తే నేరుగా సెన్సారే కనపడతది. తళతళలాడే చిన్న బిళ్ల, బొమ్మ పడేది దాని మీదే. చేత్తో ముట్టకూడదు, ఊపిరి తగలకూడదు అని నాకు పాఠం చెప్పినాడు. పసిబిడ్డనైనా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు మనిషి.

ఆయుధపూజ రోజు స్కూటరుకు, ప్రింటరుకు, కత్తెరలకు నేను బొట్లు పెట్టినా. కెమెరా మాత్రం నా చేతికి ఇయ్యలా. "నీకు తెలీదు, జరుగు" అని తనే కూచున్నాడు. లెన్సు విప్పి ఒక తట్టు, కెమెరా ఒక తట్టు పీట మీద పెట్టి, వేరువేరుగా గంధం, కుంకుమ పెట్టినాడు. మెకానిక్కులు పానాలన్నీ పరిచి పెట్టుకోరా, అట్లన్నమాట. పైన ఫ్యాను గిర్రున తిరుగుతా ఉంది. హారతి ఆరిపోతాందని నేను ఫ్యాను ఆపబోతే, "చెమట పడతాంది, ఉండనీ" అన్నాడు.

ఆ తర్వాత కార్తీకమాసం. అయ్యప్ప మాల ఏసుకున్న స్వాములు, గుడికి పోయొచ్చే ఆడోళ్లు, నోములోళ్లు, దుకాణం ఒకటే రద్దీ. కొత్త కెమెరా బొమ్మలు చూసి అందరూ బాగుండాయన్నారు. ఈయన కాలు నేల మీద ఆనలా. అత్తమ్మ ఫోటోకేమో ఇవాళ కాదు రేపని జరుపుతానే వచ్చినాడు.

అప్పుడొచ్చింది ఫెబీ. బస్టాండు దగ్గర ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఐడీ కార్డుకని మా దగ్గరే ఫోటో దిగిపోయింది. మెడలో కార్డు తీసి నా ముందర బల్ల మీద టప్పున కొట్టింది.

"అక్కా, అన్నను పిలువు. నాకు బొట్టెందుకు పెట్టినాడో అడగాల!"

చూద్దును గదా, కనుబొమల నడుమ చక్కగా గుండ్రంగా ఒక ముదురు చుక్క. మా ఆయన లోపల నుంచి వచ్చి చూసి, "నేనెందుకు పెడతానమ్మా? నీ ముఖం మీదనే ఏదో అంటుకోని ఉంటది" అన్నాడు.

"నా ముఖం మీదుంటే అద్దంలో నాకు కనపడదా అన్నా? మా నాయన తిమోతి పాస్టరు, నీకు తెలీదా? ఈ కార్డు ఏసుకోని ఆయన ముందర ఎట్ల తిరగాల? ఆస్పత్రిలో అందరూ ఎప్పుడు మారినావు ఫెబమ్మా అని ఒకటే నవ్వులు."

ఆ పిల్లకు క్షమాపణ చెప్పి, కంప్యూటర్లో మచ్చ తుడిచి, వేరే ప్రింటు ఇచ్చి పంపినాం. ఆమె మెట్లు దిగిందో లేదో మా ఆయన కార్తీకమాసం ఫోటోలన్నీ తెరిచినాడు. నేను వెనకాల నిలబడి చూస్తాండా. ఒకరి తర్వాత ఒకరు. అందరి నుదుటా అదే చోట అదే చుక్క! ఆడోళ్లకు బొట్టు కింద దాక్కుంది. స్వాములకు కుంకుమలో కలిసిపోయింది. మిగతా మగోళ్లదేమో గుడికి పోయొచ్చినారులే అనుకున్నాం. బొట్టు కొంచెం పక్కకు పెట్టుకున్న ఒకామెకైతే రెండు బొట్లు. బొట్టు లేని ముఖం ఒకటి వచ్చి కూచునే దాకా మా ఇద్దరి కండ్లూ ఏం జేసినాయో మరి!

"సెన్సార్ మీద ఏదో పడింది" అన్నాడు. ఆ మాటతో మా ఇంట్లో శని మొదలైంది.

కెమెరాలోనే తనంతట తాను దులుపుకునే మీట ఉందంట. అది నొక్కితే జుర్రుమని చప్పుడు. తెల్లగోడను ఫోటో తీస్తే చుక్క అక్కడే. రబ్బరు బుడ్డితో గాలి కొట్టినాడు. చుక్క అక్కడే. ఇంటర్నెట్టులో ఎవురో చెప్పినట్టు కెమెరా బోర్లించి కొట్టినాడు, పక్కకు తిప్పి కొట్టినాడు. చుక్క ఇంచు గూడా కదలలా. తుడిచే పుల్లలు తెప్పిస్తానని, గీత పడితే సెన్సారే పోతదని భయపడి, తెప్పించకుండా ఊరుకున్నాడు. అన్నం దగ్గర గూడా అదే మాట. "కొత్తది! కొత్తదానికే ఇట్లయితే ఏం జెయ్యాల?" అని నన్నడుగుతాడు. కెమెరా నేను చేసిచ్చినట్టు!

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇంక తప్పంతా పలకల దుమ్ము మీదికి పోయింది. మా వెనక సందులో రామసుబ్బయ్య రాతిపలకలు కోసే షెడ్డు ఉంది. మార్కాపురంలో పలకల దుమ్ము లేని ఇల్లేదైనా ఉందా? ఈయన పోయి, "నీ మిషన్ల దుమ్ముతో నా కెమెరా నాశనమైంది" అని గొంతు లేపినాడు.

రామసుబ్బయ్య మిషను ఆపి, "మా తాత కాలం నుంచి ఇక్కడే కోస్తాండాం వేణూ. నువ్వు అ ఆలు దిద్దింది మా పలక మీదనే గదా. అప్పుడు పట్టని దుమ్ము ఇప్పుడు పట్టిందా?" అన్నాడు. ఈయన ఏదో అన్నాడు, ఆయన ఇంకేదో అన్నాడు. నేను పోయి చెయ్యి పట్టి లాక్కొచ్చినా. అప్పటినుంచి రెండిండ్ల మధ్య మాటల్లేవు. స్టూడియో కిటికీలకు తడి దుప్పట్లు కట్టినాడు. ఫ్యాను బంద్. లైట్ల వేడికి దిగేటోళ్ల పౌడరు కారిపోతా ఉంటే వాళ్లు ఆయన్ను తిట్టలేక నన్ను తిట్టిపోయేటోళ్లు.

ఊరి నోరు ఊరుకుంటదా? "మీ కెమెరా ఊరికే బొట్టు పెడతదంట గదా ప్రసన్నా" అని కూరగాయల దగ్గర అడుగుతారు. నలుగురూ నవ్వుతారు. పెండ్లికి మాట్లాడుకున్నోళ్లు వేరే స్టూడియోకు పోయినారు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఇట్లుండగా ఒక మధ్యాన్నం అత్తమ్మ ఈయనకు మజ్జిగ గ్లాసు తీసుకోని స్టూడియోలోకి వచ్చింది. ఈయన అప్పుడే ఇంకోసారి గాలి కొట్టి ఉన్నాడు. "కూచో అమ్మా, పోయిందో లేదో చూస్తా" అని స్టూలు మీద కూచోబెట్టి తీసినాడు. ప్రింటు బయటికొచ్చింది. పోలేదు. అత్తమ్మ నుదుట, కనుబొమల నడుమ, నిండుగా బొట్టు.

అత్తమ్మ సంగతి ఇక్కడ చెప్పాల. మామ ఉన్నన్నాళ్లూ ఆమె బొట్టు ఎంత ఉండేదంటే, పిల్లోళ్లు పెద్దబొట్టు అవ్వ అని పిలిచేటోళ్లు. పొద్దున్నే అద్దం ముందర కూచుని మైనం రాసుకోని, దాని మీద కుంకుమ అద్దుకునేది. మామ పోయిన పదో రోజు తీసేసినారు. అంతే, ఆ అద్దం ముందర కూచోవడం గూడా మానేసింది.

ఇప్పుడా ప్రింటు చేతిలో పట్టుకోని, కండ్లజోడు సవరించుకోని చూస్తా ఉంది. రెండో చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది.

"నేను ఇట్లుండేదాన్ని గదా" అన్నది మెల్లగా.

మా ఆయన అది వినిపించుకుంటే గదా! "ఛీ ఛీ, ఇట్లాంటిది ఇంట్లో ఉండకూడదు" అని ప్రింటు లాక్కున్నాడు. "ఉండనీరా కాసేపు" అని ఆమె అంటాంది, ఈయన పరపరా చింపేసినాడు. అంతటితో ఆగితేనా? కోపంలో కెమెరాలో మెమరీ కార్డు గూడా మొత్తం తుడిచి పెట్టినాడు. అత్తమ్మ ఖాళీ గ్లాసు తీసుకోని లోపలికి పోయింది. నేను ఆమె చేతులనే చూస్తా నిలబడినా. ఆ ముసలామెకు ఏం కావాల్నో నాకు తెలిసిపోయింది. కొడుక్కు తెలియలా.

మరుసటి రోజే ఆయన మార్కాపూర్ రోడ్డు స్టేషన్లో రైలెక్కి విజయవాడ సర్వీసు సెంటరుకు పోయినాడు. వాళ్లు ఒక పూట ఉంచుకోని, ఏ లోపమూ లేదని చెప్పి పంపినారు. ఇంటికొచ్చి తీస్తే చుక్క భద్రంగా ఉంది. ఫోను చేస్తే మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒకటే పాట. ఈయన ఆ పాటకే తిట్లు తిట్టినాడు. ఆఖరికి తనే కనిపెట్టినాడు. లెన్సు రంధ్రం వెడల్పుగా తెరిచి తీస్తే చుక్క కరిగిపోయి కనపడదంట. సన్నం చేసి తీస్తేనే తేలతదంట. స్టూడియోలో పెద్ద లైట్లు గాబట్టి ఈయన ఎప్పుడూ సన్నంగానే పెడతాడు. అక్కడోళ్లు వెడల్పుగా పెట్టి చూసి బాగుందన్నారు.

రెండోసారి నేను గూడా బయలుదేరినా. ఒక్కణ్ణే పంపితే అక్కడెవురినో కొట్టొస్తాడని భయం. ఈసారి రంధ్రం సన్నం చేసి వాళ్ల ముందరే తీసి చూపించినాడు. అక్కడి టెక్నీషియన్ చూసి, లోపలికి తీసుకపోయి, కాసేపటికి తుడిచిన పుల్ల పట్టుకోని బయటికొచ్చినాడు. తెల్లటి కొసన సన్నగా ఎర్ర మరక.

"సార్, లోపల కుంకుమ ఎట్ల పడింది?"

దసరా పీట, విప్పి పెట్టిన కెమెరా, గిర్రున తిరిగే ఫ్యాను, అన్నీ నా కండ్ల ముందర తిరిగినాయి.

"చెమట పడతాంది, ఉండనీ అన్నారు గదండీ! నీకు తెలీదు, జరుగు అన్నారు! రామసుబ్బయ్య అన్నకు ఇప్పుడు ఏ మొహం చూపిస్తారు?" అని అక్కడే అందుకున్నా. తిరుగు రైల్లో ఆయన కిటికీలోనుంచి బయటికి చూస్తా కూచున్నాడు. నేను మాత్రం గిద్దలూరు పోయే ఒకామెకు కథంతా చెప్తా వచ్చినా. ఏం జెయ్యను, కడుపు మంట.

ఇంటికొచ్చినాక అత్తమ్మకు గూడా నేనే చెప్పినా. ఆమె నవ్వలేదు. "అయితే అది నిజం కుంకుమేనా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు మా ఆయన మొదట రామసుబ్బయ్య షెడ్డుకు పోయి వచ్చినాడు. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు చెప్పలా. తర్వాత కిటికీల దుప్పట్లు విప్పినాడు. "మా కెమెరా పూర్తిగా బాగైంది, ఏ మచ్చా రాదు" అని పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి గాజు తలుపుకు అంటించినాడు. పోయిన పేరు తిరిగి రావాల గదా. ఆ తర్వాత, "రా అమ్మా" అని తల్లిని పిలిచినాడు.

అత్తమ్మ గంధం రంగు పట్టుచీర కట్టుకోనొచ్చింది. లైట్లు సర్ది, గడ్డం సర్ది, ఎంతసేపు తీసినాడో! నిజం చెప్పాలంటే అంత మంచి ఫోటో ఆయన ఎవురికీ తీసి ఉండడు. ముఖంలో ఒక్కొక్క ముడతా వెలుగుతా ఉంది. నుదురు తెల్లకాగితం మాదిరి శుభ్రంగా ఉంది.

"చూడమ్మా, ఒక్క మచ్చ లేదు!"

"బాగుంది నాయనా" అన్నది అత్తమ్మ. మళ్లా, "ముందు తీసిందే, అది లేదా?" అన్నది.

"ఏది?"

"అదేరా. కుంకుమది."

ఈయనకు అప్పుడు గానీ తలకెక్కలా. ముఖం మాడిపోయింది. "అది తుడిచేసినా గదమ్మా. కార్డంతా పోయింది" అన్నాడు. తర్వాత తొందరతొందరగా, "ఆ మాత్రం దానికేముంది, కంప్యూటర్లో నేను పెడతా. ఒక్క నిమిషం" అని మౌసు పట్టుకున్నాడు.

"వద్దురా. నువ్వు పెడితే నేను పెట్టించుకున్నట్టు. మొగుడు పోయినాక ముసల్ది బొట్టు పెట్టించుకోని ఫోటో దిగిందంటారు. అదంటే దానంతటదే వచ్చింది, ఎవురూ ఏమీ అనేదానికి లేదు."

"నువ్వు పోయినాక ఎట్లాగూ ఫోటో అద్దం మీద కుంకుమ పెడతాం గదమ్మా" అని ఈయన నోరు జారినాడు.

"అప్పుడు నాకు కనపడతదా?"

అని లేచి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంటా, "పోనీలే, ఇది గూడా బాగుంది" అని బయలుదేరింది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఈయన మీదనా, ఊరి మీదనా, ఆ పదో రోజు ఆమె నుదురు తుడిచేటప్పుడు చూస్తా నిలబడిన నా మీదనా, ఏమో తెలీదు. విసురుగా ఇంట్లోకి పోయి దేవుడి దగ్గర ఉన్న నా కుంకుమ భరిణ తెచ్చినా. అత్తమ్మ భుజాలు పట్టి మళ్లా స్టూలు మీద కూచోబెట్టినా.

"ఏందే ఇది, పిచ్చి పట్టిందా నీకు? ఎవురన్నా చూస్తే?"

"చూడనీ."

"అడిగితే ఏం జెప్తావే?"

"ఏముంది? కెమెరా లోపల దుమ్ము పడిందని చెప్తాం. మన కెమెరా సంగతి ఊరంతటికీ తెలిసిందే గదా!"

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది గానీ నెట్టెయ్యలా. కండ్లు మూసుకుంది. ఆమె పెట్టుకునేటట్టే, నిండుగా, కనుబొమల నడుమ అద్దినా. మా ఆయన కెమెరా దగ్గర కొయ్యబారి నిలబడినాడు. నేను ఆయన్ను చూస్తాండా. "తియ్యండి" అన్నా.

ఆయన వెంటనే తియ్యలా. గబగబా ముందు గదిలోకి పోయినాడు. కోపమొచ్చి పోతాండాడనుకున్నా. గాజు తలుపు మీద కాగితం చింపుతున్న చప్పుడు వినపడింది. కెమెరా పూర్తిగా బాగైందన్న ఆ కాగితాన్ని ఉండ చుట్టి, జేబులో పెట్టుకోనొచ్చి, అప్పుడు తీసినాడు.

ఆ ఫోటోనే ఇప్పుడు మామ పక్కన గోడ మీద ఉంది, దండ లేకుండా. మొన్న మా వీధి వెంకటలక్ష్మమ్మ వచ్చి దాని ముందరే నిలబడిపోయింది. "ఏందమ్మా రామతులసీ, నుదుట అదేంది?" అన్నది. నేను నోరు తెరిచేలోపల మా ఆయన లోపల నుంచి వచ్చినాడు.

"దుమ్ము పిన్నీ. కెమెరా సెన్సార్ మీద దుమ్ము. ఎంత చేసినా పోలా."

"అట్లయితే ఇంకేదన్నా మంచి స్టూడియోలో తీయించకపోయినావా నాయనా, మీ అమ్మకు?"

ఆ మాట ఇంకెప్పుడన్నా, ఇంకెవురన్నా అని ఉంటే ఇల్లు లేచిపోయేది. ఆయన చెవులు ఎర్రబడినాయి. దవడ బిగించి, తల వంచుకోని, "తీయించాల పిన్నీ" అన్నాడు.

అత్తమ్మ ఆమె చేతికి కాఫీ గ్లాసు అందిస్తా, "ఉండనీలే లక్ష్మమ్మా, మావాడు తీసింది నాకిదే బాగుంది" అన్నది.